గోల్ఫ్ మైదానంలో దర్శన సమయం

ఆ రోజుల్లో నేను భయపడని విషయం ఒక్కటి చెప్పమంటే చాలాసేపు ఆలోచించాల్సి వచ్చేది. (ఇప్పుడు మాత్రం ఏమంత ధైర్యముందని. పాప రెండుసార్లు దగ్గితే, మూడో దగ్గు కోసం మంచం పక్కనే కూర్చుంటాను.) డిగ్రీ పూర్తయ్యాక పద్మారావు నగర్‌లో ఒక చిన్న ట్రావెల్ ఆఫీసులో చేరాను. కాశీ, షిర్డీ, రామేశ్వరం యాత్రలు వేయడం మా పని. మూడు నెలలు చూసి, నచ్చితే పర్మనెంట్ చేస్తామన్నారు. మా సార్ గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. ఎప్పుడూ గొంతు పెంచరు, అందుకే ఆయనంటే నాకు ఇంకా భయం.

మూడో నెలలో ఒకరోజు నన్ను పిలిచారు. "ఏమ్మా, మారేడ్‌పల్లి నుంచి నలుగురు రిటైర్డ్ పెద్దమనుషులు వచ్చారు. ఉత్తరాదిన కొండల్లో ఉన్న ఒక ఊరికెళ్లి రెండు రోజులు గోల్ఫ్ ఆడతారంట. బయటివాళ్లని ఆడనిచ్చే మైదానాలేవో చూసి, ఏది బాగుంటుందో నువ్వే చెప్పు. ఇది సరిగ్గా చేశావనుకో, నీ పర్మనెంట్ లెటర్ టైపు చేయించేస్తా" అన్నారు. చేయకపోతే ఏమవుతుందో ఆయన అనలేదు. ఇంటికెళ్తూ, నేరేడ్‌మెట్‌లో బస్సు దిగేదాకా ఆ మాట నాలో నేనే అనుకుంటూ వెళ్లాను.

గోల్ఫ్ ఆడే మనిషిని నేను దగ్గరగా చూసిందే లేదు. రాత్రి అన్నం తింటూ నాన్నకు వివరించాను, పద్దెనిమిది గుంటలుంటాయని, ఒక్కొక్క గుంటలోకీ బంతి కొట్టుకుంటూ పోవాలని. నాన్న ముద్ద ఆపి, "గుంటల కోసం గంత దూరం పోవుడెందుకు బిడ్డా? మన రోడ్డు మీదికి రమ్మను, జెర వాన పడ్డంక అయితే ఇంకా మంచిగుంటది" అన్నాడు. అమ్మ, "పిల్ల పరేషాన్‌ల ఉంటే నీకు మజాకులా" అని ఆయన కంచంలో ఇంకో గరిటె పప్పు పోసింది.

మా ఆఫీసులో కొత్త యాత్ర వేసేముందు నింపే ఫారం ఒకటుంది. మెట్లెన్ని, బాత్రూం ఎంత దూరం, వేడి టీ దొరుకుతుందా, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కగలరా, ఇలాంటి ప్రశ్నలు. వేరే ఫారం లేదు గనుక గోల్ఫ్ మైదానాలకూ అదే నింపడం మొదలుపెట్టాను. కౌంటర్లో అడిగితే అన్నీ బాగున్నాయంటారు, గేటు బయట టీ కొట్టులో అడిగితే నిజం తెలుస్తుంది అన్నది మా ఆఫీసు పద్ధతి. అందుకని మైదానాలకు ఫోన్ చేసి, వాచ్‌మన్‌లను బతిమాలి, పక్కనున్న టీ కొట్టువాళ్లకు ఫోన్ ఇప్పించుకుని మన సికింద్రాబాద్ హిందీలో మాట్లాడాను. ఆ ఊళ్లో బయటివాళ్లు ఆడగలిగేవి రెండే. ఒకటి పెద్దది, ఫొటోల్లో స్వర్గంలా ఉంటుంది. అక్కడి టీ కొట్టాయన, "సగం దాకా అంతా ఎక్కుడే బేటీ. ఈ నెలలో మంచు దిగిందంటే బంతి కాదు, కొట్టినవాడే కనపడడు" అన్నాడు. రెండోది తొమ్మిదే గుంటలున్న చిన్న మైదానం. ఎండ బాగా పడే వైపు, చదునుగా ఉందట. బాత్రూం మూడో గుంట పక్కనే.

నేను చిన్నదే రాశాను. సార్ కాగితం చూసి, "పెద్దది వదిలేసి ఇదేంటమ్మా? వాళ్లు గోల్ఫ్ ఆడేవాళ్లు, యాత్రికులు కాదు" అన్నారు. "సార్, వాళ్ల మోకాళ్లు కూడా మోకాళ్లే కదా" అన్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట. ఆయన పెన్ను తీసి సంతకం పెట్టారు.

వాళ్లు బయల్దేరిన మర్నాడు ఫైలు సర్దుతూ, వాళ్లకిచ్చిన ప్రోగ్రామ్ కాగితం నకలు చూశాను. కాశీ యాత్ర కాగితం మీదే మార్పులు చేసి ప్రింటు తీశాను కదా, కొన్ని లైన్లు అలాగే ఉండిపోయాయి. 'ఉదయం పది గంటలకు గోల్ఫ్ మైదానంలో దర్శనం. చెప్పులు బయట భద్రపరచుకోవలెను. ప్రసాదం ఎవరికి వారే తెచ్చుకోవలెను.' రెండు రోజులు నాకు అన్నం సహించలేదు.

మూడోరోజు ఆఫీసుకు ఫోన్ వచ్చింది. ఆ నలుగురిలో పెద్దాయన, మేమందరం కర్నల్ అంకుల్ అని పిలుచుకునే మనిషి. సార్ స్పీకర్ నొక్కారు. "ఆ కాగితం రాసిందెవరు?" అన్న గొంతు గది నిండా మోగింది. సార్ నా వైపు చూశారు. "నేనే అంకుల్" అన్నాను, నాకే వినపడనంత చిన్నగా.

"చెప్పులు బయట పెట్టి రమ్మన్నావు. మావాళ్లు నవ్వుతూనే మొదటి గుంట ఆడారు, ఒక్కడి కర్రా బంతికి తగల్లేదు. సరే విను. మన తిరుమలగిరి వాళ్లు ఇంకో బ్యాచ్ వచ్చి పెద్ద మైదానం బుక్ చేసుకున్నారు. రెండు రోజులూ మంచులో క్యాంటీన్‌లో కూర్చుని పేకాట ఆడారు. మేమేమో తొమ్మిది గుంటలూ రోజుకు రెండుసార్లు చుట్టాం. నా మోకాలు కిక్కురుమనలేదు. దర్శనం బ్రహ్మాండంగా అయింది. వచ్చే ఏడాది ఎక్కడికెళ్లాలో కూడా ఈ అమ్మాయే చెప్పాలి, ఇంకెవరు చెప్పినా మేం రాం."

సార్ ఫోన్ పెట్టేసి సొరుగు లాగారు. లెటర్ అప్పటికే టైపై ఉంది. తేదీ చూస్తే, మోకాళ్ల మాట అన్న రోజుది.

ఆ సాయంత్రం బస్సెక్కలేదు. లెటర్ బ్యాగులో పెట్టుకుని, రైలు పట్టాలు దాటి, దుకాణాల దీపాలు చూసుకుంటూ మెట్టుగూడ దాకా నడిచాను. ఫోన్ ఛార్జింగ్ ఎప్పుడు అయిపోయిందో తెలియదు. ఇంట్లో అమ్మ గేటు దగ్గర నిలబడి ఉంటుందని ఒక్క క్షణమైనా తోచలేదు. నా జీవితంలో దేనికీ భయపడని రెండు గంటలు అవే. ఇప్పుడు నేనూ తల్లిని కదా, అప్పటి నాలోని ఆ పిల్ల గుర్తొచ్చినప్పుడల్లా అమ్మ తరఫున నాలుగు చీవాట్లు పెట్టాలనుకుంటాను. కానీ అది అలా చేతులూపుకుంటూ, తనలో తాను నవ్వుకుంటూ నడిచిపోతుంటే, పిలిచి ఆపడానికి మనసొప్పదు.