నునుపు పక్క పైకి వేసిన బండలు

ఈ ఉదయం మేస్త్రీ వచ్చి, మా ప్రొద్దుటూరు ఇంటి పెరట్లో దారికి పరిచిన నల్ల బండలను గడ్డపారతో ఒక్కొక్కటే లేపి తిరగేస్తుంటే, గడపలో కూర్చుని చూస్తున్నాను. పోయిన వారం తడిబండ మీద కాలు జారి, కరివేపాకు చెట్టు చేతికి అందబట్టి బతికిపోయాను. దారి వెంట పట్టుకోవడానికి ఇనుప కమ్మీ, వంగే పని లేకుండా నడుమెత్తు అరుగు మీద పూలకుండీలు, అన్నీ మా అబ్బాయే దగ్గరుండి చేయిస్తున్నాడు. ఇంత చేసినా రేపు కాలు ముందుకు పడుతుందా అన్నదే నా దిగులు. నా ఈడు వాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

మొదటి బండ లేపుతూనే మేస్త్రీ, “నీళ్లు పడేకాడ నునుపు పక్క పైకేసినారేందమ్మా? ఎవురేసింది?” అన్నాడు. అలా వేయించింది నేనే.

నేను జమ్మలమడుగులో పంతులమ్మగా కొత్తగా చేరి, రోజూ బస్సులో పోయి వచ్చే రోజులవి. మా వైపు పెరట్లో బండలు గరుకు పక్క పైకి ఉంచి వేయడమే వాడుక, మామగారు వేయించినవీ అలాగే ఉండేవి. తోటి టీచర్లు ఇంటికి వస్తున్నారని, నల్లగా నిగనిగలాడాలన్న సోకుతో పట్టుబట్టి వాటిని తిరగేయించాను, పైగా శనివారం శనివారం కొబ్బరినూనె గుడ్డతో తుడిచి మురిసిపోయేదాన్ని. తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

మా అత్తగారికి కనకాంబరాలంటే ప్రాణం. తెల్లవారే కోసి మాల కట్టుకునే మనిషి, బండలు తిరగేయించిన కొన్నాళ్లకు పెరట్లోకి రావడమే మానేసి, గడపలో కూర్చుని, “రొన్ని పూలు కోసుకోని రామ్మే” అని నాకు చెప్పేది. అవతల బస్సు వేళవుతుంటే ఈవిడ పెత్తనమొకటి అని నేను మూతి ముడుచుకునేదాన్ని. ఆమె కాళ్లలోని భయమేమిటో, నేను జారిపడబోయేదాకా నాకు తెలియలేదు.

మొన్న కోడలిని పూలు కోసుకురమ్మన్నాను. ఆఫీసుకు ఆలస్యమవుతోందేమో, ఆ పిల్ల ముఖం కాస్త మాడింది. ఒకప్పటి నా మూతిముడుపు గుర్తొచ్చి, “పడతానేమోనని శానా భయంగా ఉందిమ్మే” అని దాచుకోకుండా అనేశాను. కోడలు గబగబా వచ్చి నా చేయి పట్టుకుంది. ఈ కాలం పిల్లలకు మన భయం మనం చెప్పుకోగలుగుతున్నాం. మా అత్తగారు అన్నేళ్లలో ఒక్కసారైనా ఆ మాట నాతో అనలేకపోయిందంటే, చెప్పుకోదగ్గ కోడలిగా నేను ఏనాడూ లేను.