కక్కు కొట్టిన రాయి

ఆ శుక్రవారం కూడా గాలి సమయానికి రాలేదు. వారం పొడుగునా, చూసే నాథుడు లేనప్పుడు, రెక్కలు ఊడిపోతాయేమోనన్నంతగా వీచింది. జనం కార్లు దిగే వేళకు మాత్రం చల్లగా జారుకుంది. గాలిమర కింద నిలబడి మల్లన్న మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూశాడు. నాలుగు రెక్కలూ ఉలకలేదు, పలకలేదు. చిన్నపిల్లల్లో ఒకడు అప్పుడే ఏడుపు లంకించుకున్నాడు.

దోహా నుంచి ఉత్తరంగా గంట ప్రయాణం చేస్తే వస్తుంది ఆ తోట. దాని యజమాని ఖతరీ పెద్దమనిషి. ఐరోపాలో ఎక్కడో పడగొట్టబోతున్న రెండు వందల ఏళ్ల నాటి గాలిమరను కొని, దూలం దూలానికీ అంకె వేయించి, ఓడలో తెప్పించి, ఈ ఇసుకలో మళ్ళీ నిలబెట్టించాడు. లోపల ఒక జత తిరుగలి రాళ్ళు. ఒక్కొక్కటి బండి చక్రమంత ఉంటుంది. గాలి వీస్తే రెక్కలు తిరుగుతాయి, రెక్కలు తిరిగితే పై రాయి తిరుగుతుంది, గోధుమలు పిండి అవుతాయి. చలికాలంలో శుక్ర, శనివారాలు జనాన్ని రానిస్తారు. వచ్చినవాళ్ళ కళ్ళముందే పిండి పట్టి చిన్న సంచీల్లో పోసి అమ్ముతారు.

రెక్కలకు బట్ట కట్టేదీ, ఇరుసుకు గ్రీజు పెట్టేదీ, గోధుమలు పోసేదీ, చివర్లో చీపురు పట్టేదీ మల్లన్నే. యాభై రెండేళ్ళవాడు. జగిత్యాల జిల్లా నుంచి వచ్చి ఇరవై రెండేళ్ళయింది. అందులో ఇరవై ఏళ్ళు ఎత్తయిన మేడలకు సెంట్రింగు కట్టాడు. మోకాళ్ళు మొరాయించాక కంపెనీ అతన్ని ఈ తోటకు పంపింది. ఊళ్ళో అతని భార్య బాలవ్వకు ఇది వింటే ఒకటే నవ్వు. ఆమెకు గల్ఫంతా దుబాయే. “దుబాయ్ పొయ్యి గూడ పిండి గిర్నికాడ్నే కూసున్నవా! గా పని ఈడ లేకుండెనా?” అని ఫోన్లో ఆట పట్టించేది. మల్లన్నకు కోపం వచ్చేది కాదు. ఇరవై ఏళ్ళలో ఏ మేడ కింద నిలబడీ ఎవరూ అతనికి థాంక్స్ చెప్పలేదు. ఇక్కడ వేడి వేడి పిండి సంచీ చేతికిస్తే తెల్లవాళ్ళూ చెబుతారు, అరబ్బులూ చెబుతారు. అది అతనికి బాగా నచ్చింది.

అసలు చిక్కు ఆ వేడి దగ్గరే ఉంది. పిండి అంత వేడిగా రాకూడదు.

ఆ సంగతి ఆ తోటలో మల్లన్నకొక్కడికే తెలుసు. అతనిది వడ్డెర ఇల్లు. తండ్రి సైకిలుకు ఉలీ సుత్తీ ఉన్న సంచీ తగిలించుకుని ఊరూరా తిరిగేవాడు. “ఇసుర్రాళ్ళకు కక్కు కొడతం, రోళ్ళకు కక్కు కొడతం” అని ఆయన కేకేస్తే ఆడవాళ్ళు అరిగిపోయిన రాళ్ళను వాకిట్లోకి దొర్లించుకొచ్చేవాళ్ళు. నున్నబడిన రాతి మీద ఉలితో మళ్ళీ గంట్లు పెట్టి ఇచ్చేవాడు. పని అయ్యాక గుప్పెడు జొన్నలు విసిరి, పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసేవాడు. “సల్లగుంటే కక్కు కుదిరినట్టు. ఉడుకుగుంటే రాయి తిట్టుకుంటున్నట్టు” అనేవాడు. చివర్న రాతి నడుమ గింజలు పోసే కన్ను పక్కన తన గుర్తుగా మూడు గీతలు కోడికాలులా గీసేవాడు. మల్లన్న పదేళ్ళకే సుత్తి పట్టాడు, ఇరవై ఏళ్ళు వచ్చేసరికి తండ్రికి సమానంగా కొట్టాడు. ఆ తర్వాత ఊళ్ళోకి కరెంటు గిర్ని వచ్చింది. ఉలి అటకెక్కింది.

గాలిమర రాళ్ళు రెండేళ్ళ నుంచి అరుగుతూనే ఉన్నాయి. గంట్లు పూడిపోయి అద్దంలా తయారయ్యాయి. పిండి ముతకగా, మాడు వాసనతో వస్తోంది. మల్లన్న మేనేజరు తల్హాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. తల్హా కరాచీవాడు. ఇద్దరి మాటలూ కూలీల క్యాంపు హిందీలో నడిచేవి.

“సార్, రాయికి గంట్లు పెట్టాలె. ఒక ఉలి, సుత్తి ఇప్పించుండ్రి. నేనే కొడత.”

తల్హా మొదటిసారి నవ్వాడు. రెండోసారి వినలేదు. మూడోసారి సొరుగులోంచి ఫైలు తీసి బల్ల మీద పడేశాడు. “ఇదిగో నీ సంతకం. ‘నాకు రాతిపని రాదు’ అని రాసుంది. ఇప్పుడు వచ్చంటావా? ఇది యజమాని ప్రాణంలా చూసుకునే రాయి. పగిలితే డబ్బు నువ్వు కడతావా, నేను కట్టాలా?”

మల్లన్న వంగి చూశాడు. ఆ సంతకం అతనిదే. ఇరవై రెండేళ్ళ క్రితం ఇంటర్వ్యూకు వెళ్ళేముందు ఊరివాళ్ళు ఒకటికి పదిసార్లు చెప్పి పంపారు. “రాతిపని అచ్చని నోరు జారకు. అచ్చంటే రాళ్ళ కటింగుల ఏస్తరు, దుమ్ము మింగి సస్తవు. హెల్పర్నని చెప్పు, గంతే.” గల్ఫుకు వచ్చే ప్రతివాడూ చేసే పనే అది. వచ్చిన పనిని దాచుకుని రాని పనిలో చేరడం. ఆ ఒక్క మాట మొదటి కాగితం నుంచి ప్రతి కొత్త కాగితంలోకీ ఎక్కుతూ వచ్చింది. అతను చదవకుండా సంతకం పెడుతూ వచ్చాడు. తిట్టుకుందామంటే తననే తిట్టుకోవాలి. అదే అతని కడుపుమంట.

గాలి లేని ఆ శుక్రవారం మధ్యాహ్నం రెక్కలు ఎట్టకేలకు కదిలాయి. అప్పటికి సగం జనం వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళలో దోహాకు దక్షిణాన అల్ వుకైర్ నుంచి వచ్చిన ప్రతిమ ఉంది. కాకినాడ మనిషి. భర్త చమురు కంపెనీలో ఇంజనీరు. పదేళ్ళ కూతురు ధాత్రిని వెంటబెట్టుకుని వచ్చింది. మల్లన్న ఇచ్చిన సంచీ విప్పి వాసన చూసి ముఖం చిట్లించింది.

“ఏవండీ, మీరు తెలుగువాళ్ళేగా? ఇదేం పిండండీ బాబూ, మాడిపోయిన కంపు కొడుతోంది! మూడు గంటలు ఎండలో నిలబెట్టి ఇస్తారా ఇది?”

“రాయి నున్నగైందమ్మా. కక్కు కొట్టాలె. నేను మస్తుసార్లు చెప్పిన, ఎవ్వరు ఇంటలేరు.”

“అదంతా నాకెందుకండీ? నడవనప్పుడు నడుస్తుందని బోర్డెందుకు పెట్టారు?”

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. రాత్రికల్లా ఆమె ఇంటర్నెట్‌లో ఫోటోలతో సహా రాసింది. గాలీ లేదు, పిండీ లేదు, అంతా మోసం అని. ఆదివారానికి అది యజమాని కళ్ళబడింది. సోమవారం పొద్దున తల్హా నిప్పులు కక్కుతూ వచ్చాడు.

“అయిపోయింది మల్లన్నా. ఈ శుక్రవారం ఆఖరి ట్రయల్. పిండి బాగా రాకపోతే రెక్కలకు మోటారు బిగిస్తాం. పిండి దుకాణం నుంచి తెచ్చి గొట్టంలో పోస్తాం. బటన్ నొక్కడానికి సెక్యూరిటీవాడు చాలు. నువ్వు తుడుపు పనికైనా ఉండు, క్యాంపుకైనా పో.”

తల్హా గురువారందాకా దోహాలోనే ఉంటాడు. కారు గేటు దాటగానే మల్లన్న నేరుగా వెల్డింగు షెడ్డుకు నడిచాడు. అక్కడ పనిచేసే నగేష్‌ది కోరుట్ల.

“నగేషూ, బ్రేకర్ మిషన్ ములుకు ఇరిగింది ఉన్నదా?”

“ఉన్నది. ఏంటికే?”

“ఉలి చేసియ్యి.”

నగేష్ అతని ముఖంలోకి చూశాడు. “కాకా, రాయి పలిగిందనుకో, నిన్ను ఇంటికి గాదు, జైలుకు తోల్తరు.”

“పలుగది. మా అయ్య చేతిల ఒక్కటి పలుగలే, నా చేతిల పలుగది. నువ్వు ఇనుము కాల్చు.”

సోమవారం మధ్యాహ్నం చైన్ కప్పీతో పై రాయిని లేపి వెల్లకిలా తిప్పారు. ఆ రాయి మన నల్లరాయి కంటే మొండిది. అరగంటకోసారి ఉలి మొద్దుబారేది, నగేష్ తిట్టుకుంటూ మళ్ళీ కాల్చి సాగగొట్టేవాడు. మల్లన్న మోకాళ్ళ కింద గోనెసంచీ వేసుకుని, కన్ను దగ్గర నుంచి అంచుదాకా పాత గంట్ల జాడ పట్టుకుని వరస తప్పకుండా కొట్టుకుంటూ పోయాడు. మొదటి రోజు చేతులు మాట వినలేదు. ముప్పై ఏళ్ళు పట్టని ఉలి. దెబ్బ అటూ ఇటూ అవుతుంటే తన చేతుల మీద తనకే ఒళ్ళు మండింది. రెండో రోజుకు దారిలో పడ్డాయి. బుధవారం సాయంత్రానికి రెండు రాళ్ళూ పూర్తయ్యాయి. అరచేతులు బొబ్బలెక్కాయి. ఆఖర్న, ఆలోచించకుండానే, పై రాయి కన్ను పక్కన మూడు గీతలు గీశాడు. కోడికాలు.

శుక్రవారం గాలి వచ్చింది! ఉత్తరపు గాలి, విసురుగా, ఆగకుండా. పది గంటలకే రెక్కలు తిరిగాయి. మల్లన్న గోధుమలు పోసి, గొట్టం కింద చెయ్యి పట్టి, వచ్చిన పిండిని వేళ్ళ మధ్య నలిపాడు. చల్లగా ఉంది. మెత్తగా, పట్టులా ఉంది. అతనికి కళ్ళు చెమ్మగిల్లాయి. సాయంత్రానికి ఒక్క సంచీ మిగల్లేదు. తల్హా పిండిని పట్టి చూసి, గాలి బాగుంటే రాయి కూడా బాగుంటుందన్నమాట అన్నాడు. మల్లన్న చీపురు అందుకున్నాడు. మోటారు మాట ఆ రోజు ఎవరూ ఎత్తలేదు.

కథ అక్కడ ఆగి ఉంటే ఎంత బాగుండేది.

రెండు వారాల తర్వాత యజమాని ఐరోపా నుంచి ఒక మేడంను పిలిపించాడు. పాత మరల గురించి చదువుకున్న మనిషి. గాలిమర మంచిచెడ్డలు చూసి కాగితం రాసివ్వాలి. ఆమె పై రాయిని లేపించి, టార్చి వేసి, పిండి పట్టి పాతబడినట్టున్న గంట్లను చూసి, ఒక్కసారిగా చేతులు జోడించినంత పని చేసింది. ఇంత పదునైన పాతకాలపు చెక్కుడు తను ఎక్కడా చూడలేదంది. కోడికాలును వేలితో తడిమి, ఇది ఆనాడు మర నడిపినవాడి ఇంటి గుర్తు అయ్యుంటుందంది. ఆఖరికి అసలు మాట అంది. ఇంత విలువైన రాయిని తిప్పితే అరిగిపోతుంది, ఇకమీదట ఒక్క గింజ కూడా వేయకూడదు.

మల్లన్న రాయి పక్కనే నిలబడి ఉన్నాడు. ఆమె ఇంగ్లీషు సగమే అర్థమైంది. ఆ సగం చాలు. తల్హాను పక్కకు లాగాడు.

“సార్, అది పాతది కాదు. రెండు వారాల కింద నేను కొట్టిన. అరిగితే మళ్ళ కొడత. అందుకే గద రాయి ఉన్నది!”

తల్హా ముఖం పాలిపోయింది. రాతిని చూశాడు, మల్లన్న చేతుల మీది బొబ్బల మచ్చలు చూశాడు. అంతా అర్థమైంది. గొంతు తగ్గించాడు. “నోరు ముయ్యి. యజమాని రాయి మీద నువ్వు ఉలి పెట్టావంటే నువ్వూ పోతావు, నేనూ పోతాను. నీకు రాతిపని రాదు. ఫైల్లో ఉంది. ఖలాస్.”

నెల తిరక్కుండానే పై రాయిని వెల్లకిలా తిప్పి గాజు పెట్టెలో పెట్టి తాళం వేశారు. మీద దీపం బిగించారు. రెక్కలకు మోటారు వచ్చింది. గాలి ఉన్నా లేకున్నా పది గంటలకు తిరగడం, ఆరు గంటలకు ఆగడం. పిండి దుకాణం నుంచి వస్తోంది. మల్లన్నకు గుడ్డా, నీళ్ళ సీసా ఇచ్చి గాజు తుడవమన్నారు. ఆ రాయిని ఎవరైనా ఎత్తుకుపోయినా ఇంత బాధపడేవాడు కాదు. తను బాగుచేసినందుకే అది మూలన పడింది. చెడగొట్టి ఉంటే ఈపాటికి కొత్త రాళ్ళయినా తెప్పించి ఉండేవాళ్ళు.

ఫిబ్రవరిలో ప్రతిమ మళ్ళీ వచ్చింది. మర బాగుపడిందని ఎవరో రాస్తే చదివిందట. తిరుగుతున్న రెక్కల ముందు కూతురితో ఫోటోలు దిగింది. సంచీ విప్పి వాసన చూసి ముఖమంతా నవ్వు చేసుకుంది.

“ఇప్పుడు బాగుందండీ పిండి! చూశారా, ఎవరో ఒకరు గట్టిగా చెప్తేగాని పనులవ్వవు. నేను రాసింది తీసేస్తాలెండి.”

అది దోహాలో, అల్ తుమామాలో ఏ కొట్లోనైనా దొరికే పిండి. మల్లన్న పళ్ళు బిగించి తలూపాడు.

ధాత్రి గాజు పెట్టెకు ముక్కు ఆనించి నిలబడింది. “అంకుల్, ఈ లైన్స్ ఎవరు చేశారు?”

రెండు నెలలుగా ఒక్కరూ అడగని మాట. మల్లన్న అటూ ఇటూ చూడలేదు. “నేనే కొట్టిన బిడ్డా. మూడు దినాలు వట్టింది. గీ కన్ను పక్కన సూడు, కోడికాలు. అది మా అయ్య గుర్తు.”

“మమ్మీ, ఈ అంకులే చేశారంట!”

ప్రతిమ బోర్డు వైపు చూసి నవ్వింది. “ఊరుకోండి, పిల్లని ఆటపట్టిస్తున్నారు. రెండొందల ఏళ్ళ నాటిదని ఇక్కడ రాసుంటేనూ.”

తెలుగు రాకున్నా, పిల్ల రాయినీ మల్లన్ననూ చూపిస్తుండటం చూసి పక్క నుంచి తల్హా చప్పున అందుకున్నాడు. నవ్వుతూనే, ఇంగ్లీషులో. “నమ్మకండి మేడం, ఊరికే అంటున్నాడు. ఇతనికి రాతిపని రాదు.”

ఆ మాట మొట్టమొదట అన్నది తనే. కాదనడానికి మల్లన్న దగ్గర ఏముంది? ఉలి నగేష్ ఎప్పుడో కరిగించేశాడు. చేతుల మీది మచ్చలు మానిపోయాయి. తల్లి పిలుస్తుంటే ధాత్రి వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్ళింది.

మల్లన్న గుడ్డ తీసి గాజు మీది పిల్ల వేలిముద్రలు తుడిచాడు. లోపల, కొట్టిన గంట్ల నిండా, సన్నటి ఇసుక దుమ్ము పేరుకుంటోంది. దాన్ని తుడుద్దామంటే పెట్టె తాళంచెవి తల్హా దగ్గరుంది.