ధర్నాలో హాజరు తీసిన ఈరవ్వ

ఈరవ్వకు సంఘం రిజిస్టరంటే పంచప్రాణాలు. బోధన్ పక్కన గుండ్లవాగు అనే ఊళ్లో పద్నాలుగు మంది ఆడవాళ్ల మల్లెపువ్వు పొదుపు సంఘానికి ఆమె పదకొండేళ్లుగా లీడరు. చదివింది ఐదో తరగతే అయినా అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. రిజిస్టర్లో ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆ పూట ఆమెకు అన్నం సహించదు. మీటింగుకు రాని మనిషి మరుసటి మీటింగులో అందరికీ చాయ్ పెట్టాలి, గిన్నెలు కూడా తోమాలి. జ్వరమొచ్చినా అంతే, చుట్టాలొచ్చినా అంతే. "సావు తప్ప ఏ సాకూ నడ్వది" అనేది ఈరవ్వ. ఆమె మొగుడు బాలనర్సయ్య, "నేను పొలం కాడికెళ్లి ఎన్ని గంటలకచ్చిన్నో గుడ రాసుకుంటది" అని చాయ్ హోటల్లో మొర పెట్టుకునేవాడు.

అంత పద్ధతి గల మనిషి ఆ పద్ధతి వల్లే పోలీసు కేసులో ఇరుక్కుంది. ఒక్కతే ఇరుక్కుంటే ఇంత కథే లేదు, సంఘం మొత్తాన్ని వెంటబెట్టుకుని మరీ ఇరుక్కుంది.

కరోనా వచ్చిన మొదటి ఏడాది, ఏప్రిల్ ఎండలు మండిపోతున్నాయి. నిజాంసాగర్ కాలువ నీళ్లు పై ఊరిదాకా వచ్చి ఆగిపోయాయి. గుండ్లవాగు తూము ఎత్తే నాథుడు లేడు. చెరుకు ఆకులు చుట్టుకుపోతున్నాయి. ఆఫీసుకు ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయేది. లాఠీలకు భయపడి మగవాళ్లు గడప దాటడం లేదు.

"గాజులు మీరేసుకోండ్రి, రోడ్డు మీదికి మేం పోతం" అంది ఈరవ్వ.

పోయారు. కాని ఎలా పోయారు! మనిషికీ మనిషికీ ఆరడుగుల దూరం ఉండాలని టీవీలో చెప్తున్నారు కదా. ఈరవ్వ తన మడిలో ఆరడుగుల చెరుకు గడ ఒకటి ఏరి నరికించింది. దానితో కొలిచి, కాలువ వంతెన పక్కన ముగ్గుపిండితో పద్నాలుగు గుండ్రాలు గీయించింది. మూతికి కొంగులు బిగించుకుని ఎవరి గుండ్రంలో వాళ్లు కూర్చున్నారు. అందరూ కుదురుకున్నాక ఈరవ్వ సంచిలోంచి రిజిస్టరు తీసింది.

"ఇదేందే, ధర్నాల గుడ హాజరా?" అంది పక్క గుండ్రంలో కూర్చున్న తారాబాయి. ఆమె పుట్టిల్లు మహారాష్ట్ర సరిహద్దు అవతల దెగ్లూరు, నోరు మాత్రం ఇవతలి ఊళ్లన్నిటికీ వినబడుతుంది.

"పది మంది కూసుంటే అది మీటింగే. పట్టు, సంతకం పెట్టు."

పదమూడు సంతకాలయ్యాయి. ఒక్క గుండ్రం ఖాళీ. అది అఖిలది. తల్లి లక్ష్మవ్వకు ఆపరేషనై నిజామాబాద్ పెద్దాసుపత్రిలో ఉంది, ఇరవై ఏళ్ల ఆ పిల్ల తల్లి మంచం పక్కనే ఉంది. రిజిస్టర్లో ఆ గడి దగ్గర ఈరవ్వ పెన్ను ఆగిపోయింది. నిద్రాహారాలు లేక వచ్చే పిల్లతో ఇంతమందికి చాయ్ పెట్టించాలా? పెట్టించకపోతే తన కట్టుబాటు తనే తప్పినట్టా? మంచికి పోయింది మహాతల్లి. ఎవరూ చూడటం లేదనుకుని ఆ గడిలో తనే "అఖిల" అని రాసేసింది.

గంట తిరక్కుండా ఎస్సై వచ్చాడు. మర్యాదస్తుడే. కాగితం, కలం తీసి ఒక్కొక్కరినీ పేరడగడం మొదలుపెట్టాడు. ఈరవ్వకు ఆ ఆలస్యం నచ్చలేదు.

"అంత తిప్పలెందుకు సార్? పేర్లు, మొగోళ్ల పేర్లు, సంతకాలు అన్నీ మా కాడున్నయ్" అని రిజిస్టరు తెరిచి, మొహం వెలిగిపోతుండగా ఆయన చేతికిచ్చింది. ఆయన ఒకసారి ఈరవ్వ మొహం చూశాడు, ఒకసారి రిజిస్టరు చూశాడు, ఫోనుతో ఫోటో తీసుకున్నాడు.

"శానా మంచిగ రాసినవమ్మా" అన్నాడు కూడా. ఆ మాటకు ఈరవ్వ రెండు రోజులు మురిసిపోయింది.

నాలుగో రోజుకల్లా తూము లేచింది. నీళ్లు మడుల్లోకి దూకాయి, ఊరంతా కాలువ గట్టు మీదే. మరుసటి ఏడాది సమన్లు కూడా వచ్చాయి, పద్నాలుగు పేర్లతో. కరోనా ఆంక్షలు మీరారని ఒక నేరం, రోగం అంటించబోయారని ఇంకొకటి. పద్నాలుగో పేరు చూడగానే ఈరవ్వ ఆ కాగితం పట్టుకుని లేచింది. అఖిల ఇంటికి పరిగెత్తింది.

"బిడ్డా, ఆ సంతకం నాది. రేపే జడ్జి సాబ్‌కు చెప్త."

"చెప్తే నీ మీద దొంగ సంతకమని ఇంకో కేసైతది అత్తమ్మా" అని నవ్వేసింది అఖిల. "మా అమ్మ ఆపతి లేకుంటే నేను గుడ అచ్చేదాన్నే. అచ్చిన్ననుకో."

అప్పటినుంచి బోధన్ కోర్టుకు వాయిదాలు. మొదటి వాయిదాకు ఏడుస్తూ పోయారు, మూడోదానికి జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయ తొక్కు కట్టుకుని పోయారు. కోర్టు బంట్రోతు పేర్లు పిలిచేలోపే ఈరవ్వ వరుసలో నిలబెట్టి హాజరు తీసేసేది. "నువ్వుంటే నాకు పనే లేదమ్మా" అని ఆయన బీడీ తాగడానికి పోయేవాడు. నవ్వులాట బాగానే ఉంది గాని, ప్రతిసారీ ఆఖరున అఖిల "హాజర్" అన్నప్పుడు ఈరవ్వ కడుపులో ముల్లు కదిలేది. మింగలేదు, కక్కలేదు.

ఆ ముల్లు కత్తయింది అఖిలకు కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చినప్పుడు. తెల్లారకముందే కాలువ గట్టు మీద పరుగెత్తి పరుగెత్తి సాధించుకున్న ఉద్యోగమది. ఫారంలో కేసులేమైనా ఉన్నాయా అని అడిగితే పిల్ల ఉన్నది ఉన్నట్టు రాసింది. ఫిబ్రవరిలో ట్రైనింగు మొదలయ్యేలోపు కేసు పోయిందని కోర్టు కాగితం తేవాలి, లేకపోతే ఉద్యోగం పోతుందన్నారు. చేతిలో రెండు నెలలు కూడా లేవు. ఈరవ్వ రిజిస్టరు చంకన పెట్టుకుని వకీళ్ల ఇళ్ల చుట్టూ తిరిగింది.

అప్పుడు దొరికింది ఎస్తర్. ఒకప్పుడు గుండ్లవాగు బడిలో పాఠాలు చెప్పి ఇప్పుడు నిజామాబాద్‌లో ఉండే హనోకు సారు బిడ్డ, హైకోర్టు వకీలు. కాగితాలన్నీ తిరగేసి, "అవ్వా, ఆజ్ఞ మీరిండ్రని కేసు నడవాల్నంటే, ఆజ్ఞ ఇచ్చిన ఆఫీసరో, ఆయన పైఆఫీసరో కోర్టుకు స్వయంగ రాసియ్యాలె. ఇక్కడ పోలీసులే రాసుకుండ్రు, పోలీసులే చార్జిషీటు ఏసిండ్రు. రోగం ఎవలికంటిందో ఒక్క కాయిదం లేదు. అందరి మీద కొట్టెయ్యమని అడుగుదం" అంది.

"మరి నా దొంగ సంతకం?"

"దాని జోలికే పోవద్దు. నువ్వు హైదరాబాద్ రావుడే అవసరం లేదు."

రావద్దంటే ఆగే మనిషా! ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయిన కొత్త. రిజిస్టరు సంచిలో పెట్టుకుని, పెళ్లిళ్లకు కట్టే పచ్చ చీర కట్టుకుని ఎక్స్‌ప్రెస్ ఎక్కేసింది. దారి పొడుగునా పెదాలు కదులుతూనే ఉన్నాయి. "తప్పు నాది సార్, పిల్ల అక్కడ లేనే లేదు సార్." పక్క సీటావిడ జపం అనుకుని కాళ్లు ముడుచుకుని కూర్చుంది.

హైకోర్టులో వాళ్ల కేసు వచ్చింది. ఎస్తర్ చెప్పాల్సింది చెప్పింది. ప్రభుత్వ వకీలు కాగితాలు తిరగేసి, ఆఫీసరు ఫిర్యాదు లేని మాట నిజమేనన్నాడు. జడ్జి చార్జిషీటు చదువుతూ ఒకచోట ఆగారు. "ఆరడుగుల దూరంలో గుండ్రాలు గీసుకుని కూర్చున్నారని పోలీసులే రాశారు. అంత కచ్చితంగా ఎలా కొలిచారు?"

ఎస్తర్ నోరు తెరిచేలోపే వెనక బల్ల మీద నుంచి ఈరవ్వ లేచింది. "చెరుకు గడతోని సార్!"

కోర్టంతా నవ్వింది. జడ్జి కూడా నవ్వారు. అదే అదను అనుకుంది ఈరవ్వ. "ఇంకొక్క ముచ్చట చెప్పాలె సార్..." అంటుండగానే ఎస్తర్ దగ్గర పనిచేసే గుమాస్తా అమ్మాయి ఈరవ్వ కొంగు పట్టుకుని కూర్చోబెట్టేసింది. ఐదు నిమిషాల్లో పద్నాలుగు మంది మీదా కేసు కొట్టేశారు.

బయటికొచ్చాక ఈరవ్వ ఏడ్చింది, నవ్వింది, ఎస్తర్ బుగ్గలు పుణికి మెటికలు విరిచింది. ఆ తర్వాత కోపమొచ్చింది. "మూడేండ్ల సంది బట్టీ పడితి. ఒక్కరన్న అడుగుతరేమో అనుకున్న. చెరుకు గడ అడిగిండ్రు!"

అఖిల ట్రైనింగుకు పోయే ముందురోజు సంఘం మీటింగు జరిగింది. హాజరు అయ్యాక ఈరవ్వ రిజిస్టరు మూయలేదు. వెనక్కి, వెనక్కి తిప్పి ఆ ఏప్రిల్ పేజీ తీసింది. అఖిల పేరు మీద గీత కొట్టి, పక్కన "రాలేదు" అని రాసి, కింద తన సంతకం పెట్టింది.

"ఈ పిల్ల ఆనాడు రాలే. సంతకం నేను పెట్టిన. నా మూలంగ బిడ్డ కొలువు పోతుండె" అంది.

ఎవరూ ఉలిక్కిపడలేదు. తారాబాయి తమలపాకుకు సున్నం రాసుకుంటూ అంది, "పక్క గుండ్రంలనే కూసుంటినే. ఖాళీ జాగా నాకు కానరాదా? అందరికెర్కే. ఆ సమన్లచ్చిన నాడే ఈ పిల్ల ఇల్లిల్లు తిరిగి మాతోని ఒట్టేయించుకున్నది. 'మన లీడరు పుస్తకంల అబద్ధం ఉందని బయటికి పోవద్దు, ఆమె పానం తట్టుకోది' అని."

ఈరవ్వ పదమూడు మొహాలూ ఒక్కొక్కటే చూసింది. మూడేళ్లుగా కోర్టు మెట్ల మీద తన పక్కన కూర్చుని, తను కట్టిచ్చిన రొట్టెలు తిన్న మొహాలవి. ఆమె కళ్లు ధారలు కట్టాయి.

"ఏడ్సుడు తర్వాత. రూలు రూలే" అంది తారాబాయి. "రాని మనిషి చాయ్ పెట్టాలె."

కాబోయే కానిస్టేబుల్ లేచి, చున్నీ నడుముకు బిగించి, పొయ్యి దగ్గరికి పోయింది. పద్నాలుగు గ్లాసులు నిండాయి. అందరూ తాగాక అఖిల గిన్నెలు ఎత్తబోతే ఈరవ్వ లాక్కుంది.

"గివి నావి" అంది, ముక్కు చీదుకుని, బోరింగు వైపు నడుస్తూ.