మనిషిని చూసి బండి చెప్పేవాడు

ఆ షాపులో అమ్మేవి ఏటీవీలు. మోటారు సైకిలు హ్యాండిలు, నాలుగు లావుపాటి చక్రాలు, ట్రాక్టరు బుద్ధి. కొండదారుల్లో సరదాగా తిరగడానికి కొనేవాళ్లు సగం, తోటల్లో క్వారీల్లో బరువులు లాగించడానికి కొనేవాళ్లు సగం. సరదాకి కొంటూ పని కోసమని ఇంట్లో బొంకేవాళ్లని ఏ సగంలో వేయాలో తెలియక, వాళ్లకోసం మనసులో మూడో సగం ఒకటి తెరిచి పెట్టుకున్నాడు అక్కడి సేల్స్‌మన్.

ఆయన అసలు పేరు ఎవరికీ పట్టలేదు. అందరికీ వంకలాయనే. నీళ్ల మోటార్లు అమ్మే చోట పదేళ్లు, ఇక్కడ పన్నెండేళ్లు, వచ్చిన ప్రతివాడికీ ఏదో ఒక వంక పెట్టి సంపాదించుకున్న పేరది. గాజు తలుపు తోసుకుని ఎవరైనా లోపలికి అడుగుపెడితే ముందు బూట్లు చూస్తాడు, తర్వాత చేతులు చూస్తాడు. ముఖం ఆఖర్న, అదీ తప్పదనుకుంటేనే. ఈలోగా ఆ మనిషికి ఏ బండి ఇవ్వాలో ఆయన లోపల తీర్పు అయిపోయి ఉంటుంది. మనిషిని చూసి బండి చెప్తానని ఆయన గొప్ప.

ఆ తీర్పులకి కరుణ అనేది తెలియదు. తెల్లటి బూట్లతో వచ్చి, ఎంత స్పీడు పోతుందని అడిగిన పళ్ల డాక్టరుకి, ఆ స్పీడులో పడితే ఆయన కట్టే పళ్లు ఆయనకే పనికొస్తాయని చెప్పాడు. గేటు నుంచి వరండా దాకా నడవడానికి బద్ధకించి వెయ్యి సీసీల బండి అడిగిన ఓ పెద్దింటాయనకి చక్రాల కుర్చీ దొరికే షాపు ఎక్కడుందో దారి చెప్పాడు. స్పీకర్లు పెద్దవి బిగించొచ్చా అన్న కుర్రవాళ్లకైతే జవాబే ఇవ్వలేదు, పక్కకెళ్లి టైర్లు తుడుచుకున్నాడు. హార్స్‌పవరు కోసం వచ్చేవాళ్లలో నూటికి తొంభైమందికి ఇంట్లో ఏ పవరూ ఉండదని ఆయన సిద్ధాంతం.

ఇంత నోరు పెట్టుకున్నవాణ్ణి ఓనరు ఎందుకు ఉంచుకున్నాడంటే, మంచివాడై కాదు. కొనమని పొగిడే సేల్స్‌మన్‌ని జనం నమ్మరు, తిట్టేవాణ్ణి నమ్ముతారు. వంకలాయన గాలి తీసేసి పంపిన వాళ్లలో చాలామంది మర్నాడు తలొంచుకుని తిరిగొచ్చి, ఆయన వేలు పెట్టి చూపించిన బండే కొనుక్కుని పోయేవాళ్లు. అలా తన మాట నెగ్గిన ప్రతిసారీ ఆయన మెడ ఇంకాస్త నిక్కేది.

ఇంట్లోనూ ఇదే వరస. టైలరు షాపు మీద రెండు గదుల వాటా, అందులో భార్య, ఆమె వండిన కూర, ఆ కూరకో వంక. ఆమె కళ్లజోళ్ల షాపులో పనిచేసేది. మీకు దూరం చూపు మాత్రం అద్భుతమండీ అని, పళ్లెం ముందు పెడుతూ ఒక్కోసారి అనేది. ఆయన దాన్ని మెచ్చుకోలు కింద జమ వేసుకున్నాడు.

షాపు వెనకాల ఓనరు పోయించిన మట్టిదిబ్బ ఒకటి ఉంది. కొనేవాళ్లు బండి నడిపి చూసుకోవడానికి. ముందువైపు నిటారుగా ఉంటుంది, వెనకవైపు పసిపిల్ల కూడా దొర్లకుండా దిగేంత వాలు. కొనేవాడు ముందువైపు నుంచి గర్జించుకుంటూ పైకెక్కుతాడు, శిఖరం జయించినట్టు చేతులెత్తి ఫోటో దిగుతాడు, అక్కడే బండి దిగిపోతాడు. వంకలాయన దాన్ని వెనకవైపు నుంచి మెల్లగా కిందికి తెచ్చి పెడతాడు. ఇన్నేళ్లలో ముందువైపు నుంచి దిగుతానన్న కొనుగోలుదారు ఒక్కడూ లేడు. దిగి చూపిద్దామన్న ఆలోచన వంకలాయనకీ రాలేదు.

ఆయన తిరస్కారంలో పెద్ద వాటా మాత్రం బయటివాళ్లకి కాదు, బావకి దక్కింది. అక్క మొగుడు. కొండవాలు మీద వాళ్లకి నిమ్మతోట ఉంది. తోటంటే అక్కే. బావ వంతు ఉత్సాహం. ఒక ఏడాది చేపల తొట్లు తెచ్చాడు, ఒక ఏడాది నక్షత్రాలు చూసే గొట్టం తెచ్చాడు, ఇంకో ఏడాది రొట్టెలు తనంతట తనే చేసే మిషను తెచ్చాడు. అన్నీ కొట్టుగదిలో ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. అక్క ఈ మనిషితో ఎలా వేగుతోందో అని వంకలాయనకి కడుపు మండేది. ఆమె ఎప్పుడూ ఏమీ అనదు కాబట్టి, ఆమె బదులు కూడా తనే అసహ్యించుకునేవాడు.

ఓ సోమవారం పొద్దున్నే ఆ ఇద్దరూ షాపులోకి వచ్చారు. బావ ఒంటి మీద తోలు జాకెట్టు, మోచేతులకి ప్లాస్టిక్ చిప్పలు, చంకలో హెల్మెట్టు, దాని నెత్తిన కెమెరా. వంకలాయన బూట్లు చూశాడు. దుమ్ము అంటని బూట్లు. చేతులు చూశాడు. ఉతికి ఆరేసినట్టున్న చేతులు. తీర్పు అక్కడికక్కడే అయిపోయింది.

బావ సంగతంతా చెప్పుకొచ్చాడు. ఆదివారాలు పాత స్నేహితులంతా అడవి దారిలో బళ్ల మీద వెళ్తున్నారట. తోటలో పని కూడా జరుగుతుందని మీ అక్కని ఒప్పించానన్నాడు. చెబుతూనే వెళ్లి, వెయ్యి సీసీల పెద్దబండి పక్కన నిలబడి, దాని ముక్కు నిమిరాడు.

"అందరివీ ఇవే బామ్మర్దీ. నేనొక్కణ్ణే చిన్నదేసుకెళ్లి వెనకాల దుమ్ము తినాలా?"

వంకలాయన పెదవి విరిచాడు. ఆ పెద్దబండి మీద బావ కూర్చుంటే ఎలా ఉంటుందో ఆయనకి కళ్లకి కట్టింది, కొట్టుగదిలో రొట్టెల మిషను పక్కన అది ఎంత చోటు ఆక్రమిస్తుందో కూడా. చచ్చినా ఇవ్వకూడదనుకున్నాడు. గౌరవం ఒలకబోస్తూ, బావగారూ, మీలాంటి వారికి చిన్నదే శ్రేయస్కరం అని మొదలుపెట్టాడు. తేలిక, పొట్టి, మలుపుల్లో మాట వింటుంది. పెద్దదానికి కొమ్ములెక్కువ, అది ముందు మనిషిని నడిపించుకుంటుంది, ఆనక మనిషి దాన్ని నడుపుతాడు. తోటపనికి చిన్నది చాలు, మిగులుతుంది కూడా. ఈ ఆఖరి మాట ఎంత ధీమాగా అన్నాడంటే, తోటలో పనేమిటో, ఎంత బరువో, ఏ వాలో అడగలేదన్న సంగతి ఆయనకే తట్టలేదు.

బావ ముఖం వేలాడేశాడు. ఓనరు కౌంటరు వెనక నవ్వు ఆపుకున్నాడు. అక్క అంతసేపూ ఒక బండి తర్వాత ఒకటి, వెనక కొక్కేన్ని వంగి చూస్తోంది. లేచి తమ్ముడి దగ్గరికొచ్చింది.

"ఎక్కడం కాదురా. బరువుతో దిగడం చూపించు."

కోసిన కాయలు పైతోట నుంచి కింద లారీ ఆగే రోడ్డుకి చేరాలని, ఇన్నాళ్లూ చేతిబండి మీద దింపుతున్నామని, ఈ బండికి ట్రాలీ తగిలిస్తే ఒక్కసారికి ముప్ఫై పెట్టెలైనా రావాలని అక్క చెప్పింది. పైకి ఖాళీగా ఏదైనా ఎక్కుతుంది, నాకు కావలసింది కిందికి అంది. తోట దారి ఆ దిబ్బ ముందువైపు లాగే ఉంటుందని కిటికీలోంచి చూపించింది.

మాట వెనక్కి తీసుకోవడం వంకలాయన ఒంట్లో లేదు. చిన్నబండికి ట్రాలీ తగిలించాడు, అందులో ఇసుక బస్తాలు వేయించాడు, వెనకవైపు నుంచి దిబ్బ ఎక్కించి, ముందువైపు వాలుకి తిప్పాడు. పైనుంచి చూస్తే ఆ వాలు ఆయనకి కొత్తగా కనిపించింది. కింద బావ హెల్మెట్టు కెమెరా ఆన్ చేస్తున్నాడు. అది చూసి ఒళ్లు మండి, వంకలాయన బండిని కిందికి వదిలాడు.

నాలుగు గజాలు మర్యాదగానే దిగింది. తర్వాత వెనకనున్న బరువు ముందున్న బండిని తోయడం మొదలుపెట్టింది. తేలిక అని ఆయన పొగిడాడే, ఆ తేలికే కొంప ముంచింది. బ్రేకు నొక్కితే చక్రాలు ఆగాయి గానీ బండి ఆగలేదు. ట్రాలీ పక్కకి విసురుగా తిరిగింది, హ్యాండిలు చేతిలోంచి గుంజుకుంది. ఆయన పక్కకి దూకేశాడు. బండి ఒంటరిగా జారుకుంటూ వెళ్లి కింద పేర్చిన పాత టైర్లలో ముక్కు దూర్చి ఆగింది. సీటు మీద మనిషి ఉండిపోతే కాలో నడుమో టైర్లకీ ట్రాలీకీ మధ్య నలిగి ఉండేదని అక్కడున్న అందరికీ తెలిసింది. ఆ సీటులో రేపు ఉండబోయేది ఎవరో వంకలాయనకి అప్పుడు తెలిసింది. దెబ్బ మోచేతికే తగిలింది.

ఓనరు పరుగెత్తుకొచ్చాడు. బావ కూడా వచ్చి, బామ్మర్ది జబ్బ పట్టుకుని లేపాడు. అక్క తమ్ముడి మోచెయ్యి తిప్పి చూసింది, కొంగుతో మట్టి దులిపింది, ట్రాలీని పెద్దబండికి తగిలించమంది. తోటలో చదును ఉన్న మేర పాత ట్రాక్టరు ఏళ్లుగా ఆమే నడుపుతోంది కాబట్టి, నేనే దింపుతానంటే ఎవరూ అడ్డు చెప్పలేకపోయారు. అడ్డు చెప్పే ముఖం వంకలాయనకి అసలే లేదు. పైన ఆమె పక్కన నిలబడి, తక్కువ గేరులో వేయమని, యాక్సిలరేటరు ముట్టుకోవద్దని, బండిని ఇంజనే పట్టి ఉంచుతుందని, బ్రేకు ఊరికే ఆనించి ఉంచమని చెప్పాడు. ఇవన్నీ పన్నెండేళ్లుగా ఆయనకి తెలిసిన మాటలే, ఎవరికీ చెప్పాల్సిన అవసరం రానివి.

పెద్దబండి గొణుక్కుంటూ దిగింది. బరువు వెనకనుంచి తోసింది, దాని ఒడ్డూ పొడుగూ ముందు ఆ తోపు చెల్లలేదు. నిండుకుండ మోసుకొస్తున్నట్టు అడుగు తర్వాత అడుగు వేసుకుంటూ వచ్చి దిబ్బ కింద నిలబడింది. అక్క ఇంజను ఆపి, చీర కుచ్చిళ్లు సర్దుకుని దిగింది.

బావ ఆనందం పట్టలేకపోయాడు.

"నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా కదా బామ్మర్దీ."

వంకలాయనకి తల కొట్టేసినట్టయింది. అవతలివాడు తెలివిగలవాడై గెలిచినా ఇంత బాధ ఉండేది కాదు. దుమ్ము తినకూడదని పెద్దబండి అడిగిన మనిషి, వాలంటే ఏమిటో తెలియని మనిషి, చేపల తొట్ల మనిషి, ఈ మనిషి చెప్పిందే సరైంది. పన్నెండేళ్లుగా తను చెప్పిన ఎన్ని చిన్నబళ్లు ఎన్ని వాలుల మీద ఇలాగే దిగుతున్నాయో అన్న ఆలోచన ఒకటి తలలోకి వచ్చి, పోకుండా అక్కడే కూర్చుంది.

"మీరు కాసేపు ఊరుకోండి," అంది అక్క మొగుడితో. "మీరు చెప్పింది దుమ్ము గురించి."

బావ హెల్మెట్టు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. ఓనరు పెద్దబండికి ధర ఎంత తగ్గించగలడో చెబుతూ ఆయన్ని లోపలికి తీసుకెళ్లాడు. దిబ్బ దగ్గర అక్కా తమ్ముడూ మిగిలారు. ఆమె గొంతు పెంచలేదు, కోప్పడనూ లేదు. కోప్పడితే ఆయనకి కొంచెం తేలికగా ఉండేది.

"నువ్వు బండిని చూసి చెప్పలేదురా. మీ బావని చూసి చెప్పావు. దాని మీద కొండ దిగేది నేను."

ఆయన దగ్గర ఒక్క వంక కూడా లేదు. అక్క ట్రాలీ కొక్కెం ఒకసారి కదిపి చూసుకుని, బండి తాళంచెవి తీసి, ఓనరుకి ఇమ్మని తమ్ముడి వైపు చెయ్యి చాచింది.

అరచేతికి అడ్డంగా రెండు గాట్లు ఉన్నాయి, నల్లబడి, కాయకట్టి. రెండో చేతికీ అవే. బరువుతో కిందికి జారిపోయే చేతిబండిని వెనకనుంచి తాడేసి పట్టుకుని, ఏళ్ల తరబడి కొండ దింపిన చేతులవి. షాపులో అడుగుపెట్టిన ప్రతివాడి చేతులూ చూసిన వంకలాయన తాళంచెవి అందుకోవడం మరిచిపోయి, అక్క చేతులు మొదటిసారి చూశాడు.