చార్టమ్మ వదిలేసిన లెక్కలు

డిపోలో ఆవిణ్ణి అందరూ చార్టమ్మ అనే పిలిచేవాళ్లు. నూట పదహారు బస్సులు, రెండు వందల నలభై మంది డ్రైవర్లు. ఎవరు ఏ రోజు ఏ బండి ఎక్కాలో, ఎవరికి ఎప్పుడు సెలవో రాసే డ్యూటీ చార్టు ఆవిడ చేతిలోనే ఉండేది. గురువారం మధ్యాహ్నం మూడింటికి చార్టు గోడకి అతికించడం ఆలస్యం, డ్రైవర్లు గుమిగూడేవాళ్లు. నా ఆదివారం మింగేశావమ్మా అని ఒకడు, మా బావమరిది పెళ్లికి నన్ను పంపించవా ఏంటి అని ఇంకొకడు. ఆవిడ పెన్సిలు చెవికి తగిలించుకుని అందరి గోడూ వినేది. వీలైతే మార్చేది, వీలుకాకపోతే వచ్చే వారం చూద్దాం అనేది. ఆ వచ్చే వారం నిజంగానే చూసేది. అందుకే అంతమంది మగవాళ్ల మధ్య ఆవిడ మాటకి తిరుగుండేది కాదు.

పెళ్లయిన తొమ్మిదేళ్లకి ఆవిడ కడుపు పండింది. ఏడో నెలలో ఒక మంగళవారం పొద్దున బిడ్డ కదలడం లేదని అనుమానమొచ్చి ఆసుపత్రికి వెళ్తే, గుండె ఆగిపోయిందన్నారు. ఆడపిల్ల. ఒకసారి చూస్తారా అని నర్సు అడిగింది. చూసింది. నలభై రోజుల తర్వాత డిపోకి వచ్చి ఎప్పటి కుర్చీలోనే కూర్చుంది. ఆ వారం డ్రైవర్లు చార్టు చూసుకుని చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోయారు. ఆదివారాలు పోయినవాళ్లు కూడా నోరెత్తలేదు.

ఆవిడ ఏడవలేదు. ఏడుపు రావడం లేదన్న బెంగ కూడా లేదు. చాలాసేపు మఠం వేసుకుని కూర్చుంటే కాలు తిమ్మిరెక్కి మనది కాదన్నట్టు అయిపోతుందే, మనిషి మొత్తం అలా అయిపోయింది. అన్నం తినమంటే తినేది. పడుకోమంటే పడుకునేది. కూరలో కారం ఎక్కువైందని భర్త అంటే, అయిందా అని అడిగేది.

ఆడపడుచు ఒక బడిలో గుమస్తా. ఒకప్పుడు తను రాద్దామనుకుని మేనేజ్‌మెంట్ కాలేజీ ప్రవేశపరీక్షకి మాక్ టెస్టుల పుస్తకం ఒకటి కొనుక్కుంది. మొదటి టెస్టులో రెండు పేజీలు పెన్సిలుతో చేసి అటక మీద పడేసింది. పరామర్శకి వస్తూ, ఏం మాట్లాడాలో తోచక కాబోలు, ఆ పెన్సిలు రాతలన్నీ చెరిపి పుస్తకం పట్టుకొచ్చింది. మీ డిపోలో అసిస్టెంటు మేనేజరు పోస్టు పడుతుందట కదా, ఉద్యోగాలు చేసుకునేవాళ్లకి సాయంకాలం కాలేజీ ఉంది, రాయి, మనసు కాస్త మళ్లుతుంది అని చెప్పి, టీ తాగి వెళ్లిపోయింది.

ఆ ఆదివారం పొద్దున చార్టమ్మ భోజనాల బల్ల దగ్గర పుస్తకం తెరిచింది. వంద ప్రశ్నలు, రెండు గంటలు. ఫోనులో గడియారం నొక్కింది. తల ఎత్తేసరికి రెండు గంటలు అయిపోయాయి. ఆ రెండు గంటల్లో ఆవిడకి ఏదీ గుర్తు రాలేదు. ఒక రైలు ఇంకో రైలుని ఎప్పుడు దాటుతుంది, ఎనిమిది మంది గుండ్రంగా కూర్చుంటే ఎవరి ఎడమపక్క ఎవరు, ఇంతే. నలభై ఒక్క మార్కులు వచ్చాయి. మార్కులు చూసి ఆవిడకి ఏమీ అనిపించలేదు. ఆ రెండు గంటలు మాత్రం మళ్లీ కావాలనిపించింది.

తర్వాతి ఆదివారం ఇంకో టెస్టు. ఆ పై ఆదివారం ఇంకోటి. నలభై ఆరు, యాభై మూడు, అరవై. కొన్ని వారాలు బుధవారం పొద్దున పనికి వెళ్లేముందు కూడా ఒకటి కానిచ్చేది. ఇంట్లో వాళ్లకి ప్రాణం లేచొచ్చింది. అత్తగారు ఫోనులో చుట్టాలకి మా కోడలు మేనేజరు కాబోతోందని చెప్పుకుంది. భర్త ఆదివారాలు గిన్నె చప్పుడు కాకుండా వంటింట్లో కింద కూర్చుని బఠాణీలు ఒలిచేవాడు. దరఖాస్తు పెట్టావా అని మాత్రం ఎవరూ అడగలేదు. ఆవిడ పెట్టలేదు. మేనేజరు కావాలని ఆవిడకి లేదు. తలనొప్పి బిళ్ల వేసుకున్నట్టు టెస్టు వేసుకునేది.

అయిదు నెలల్లో పుస్తకంలోని పాతిక టెస్టులూ అయిపోయాయి. ఆఖరి దాంట్లో డెబ్భై రెండు. మర్నాడే పుస్తకాల షాపుకి పరుగెత్తింది. కొత్తది వచ్చే నెల గానీ రాదన్నాడు షాపతను. ఆవిడ మొహం చూసి ఏమనుకున్నాడో, ఎదురుగా టైలరు షాపు మేడ మీద ట్యుటోరియల్ ఉంది, శనివారం మధ్యాహ్నం ఎవరు వెళ్లినా టెస్టు పెడతారని చెప్పాడు.

ఆ ట్యుటోరియల్ నడిపేది రిటైరైన లెక్కల మాస్టారు. ఎవరు ఏ జవాబు తెచ్చినా, ఒప్పయినా సరే, ఇంకోసారి చూడు అనేవాడు. కుర్రకారు ఆయనకి ఇంకోసారి మాస్టారు అని పేరు పెట్టేశారు. ఆయనకీ ఆ సంగతి తెలుసు. చార్టమ్మకి మొదటి శనివారమే డెబ్భై నాలుగు వచ్చాయి. గదిలో అందరికంటే ఎక్కువ. టెస్టు అయ్యాక మిగతావాళ్లు ఇంకో గంట కూర్చుని తప్పులు దిద్దుకుంటుంటే, ఈవిడ పెన్ను సంచిలో పడేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. రెండో శనివారం కూడా అంతే. మూడో శనివారం మాస్టారు మెట్ల దగ్గర అడ్డంగా నిలబడ్డాడు.

"పరీక్ష అయింది. చదువు ఇప్పుడు మొదలవుతుంది. ఎక్కడికమ్మా పోతున్నావు?"

ఇంట్లో పనుందని చెప్పింది. అయితే వచ్చే శనివారం ఇప్పటిదాకా రాసిన టెస్టులన్నీ పట్టుకురా, నేనే చూస్తానన్నాడు. వద్దనడానికి కూడా ఓపిక కావాలి. ఆవిడకి అది లేదు. పట్టుకెళ్లింది.

ఆ శనివారం పిల్లలంతా వెళ్లిపోయాక ఆయన పుస్తకమూ జవాబు కాగితాలూ బెంచీల మీద పరిచాడు. ఒక్కోటీ చూస్తూ ఎర్ర పెన్సిలుతో చుక్కలు పెట్టుకుంటూ పోయాడు. ఆవిడ ఎదురుగా కూర్చుని కిటికీలోంచి టైలరు షాపు రేకుల మీద ఆరేసిన గుడ్డముక్కలు చూస్తోంది. చాలాసేపటికి ఆయన తలెత్తాడు. రైళ్లూ పడవలూ పనీ కాలమూ నీకు మంచినీళ్ల ప్రాయం, బస్సులతో కాపురం చేసేదానివి కదా అని నవ్వాడు. నవ్వి, ఒక కాగితం ఆవిడ ముందుకి తోశాడు.

"మరి ఇవేంటమ్మా?"

మూడో టెస్టులో అరవై రెండో ప్రశ్న. నాలుగో దాంట్లో పదిహేడు. ఎనిమిదో దాంట్లో పక్కపక్కనే రెండు. అన్నీ వయసుల లెక్కలు. టెస్టుకి రెండు చొప్పున ఇరవై ఎనిమిది టెస్టుల్లో యాభై ఆరు. ఒక్కటీ చెయ్యలేదు. తప్పు చెయ్యడం కాదు, ముట్టుకోనే లేదు. చిత్తు రాతల్లో కూడా వాటి జాడ లేదు.

"ఇవి ఏడో తరగతి పిల్లలు చేసే లెక్కలు. తల్లి వయసు కూతురి వయసుకి నాలుగింతలు. ఆరేళ్ల తర్వాత మూడింతలు. అయితే కూతురి..."

"చాలు మాస్టారూ."

ఆయన ఆగాడు. ఆవిడ ఆ కాగితం వైపే చూస్తోంది. కావాలని వదల్లేదు మాస్టారూ, నాకు ఇవి కనపడలేదు అంది. అబద్ధం కాదు. పాతిక వారాలుగా ఆ పేజీల మీద వేలు పెట్టి లైను లైనూ చదివిన మనిషి, ఆ యాభై ఆరు చోట్లా ఆగకుండా దాటిపోయింది. దాటిన సంగతి ఆవిడకే తెలియదు. ఇప్పుడు ఎర్ర చుక్కలు వరసగా కనపడుతుంటే, ఎవరో ఇంకొకరి కాగితాలు చూస్తున్నట్టుంది. తర్వాత, ఆయన అడక్కుండానే, ఆ మంగళవారం సంగతి చెప్పింది. నాలుగు మాటల్లో చెప్పేసింది.

మాస్టారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. అయ్యో పాపం అనలేదు.

"టెస్టుకి రెండు మార్కులు. అవి లేకపోయినా నీ సీటు ఎక్కడికీ పోదు. వదిలెయ్యి. కాకపోతే, వదిలేస్తున్నానని తెలిసి వదిలెయ్యి. కళ్లెదురుగా ఉన్నది కంటికి ఆనకుండా పోవడం మంచిది కాదమ్మా."

ఆ తర్వాత దరఖాస్తు పెట్టావా అని అడిగాడు. లేదంది. శుక్రవారం గడువని చెప్పి, కూజాలోంచి గ్లాసుడు నీళ్లు వంచి ఇచ్చాడు.

ఇంటికొచ్చేసరికి భర్త చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాడు. ఆయన కళ్లద్దాల షాపులో పని చేస్తాడు. ఆవిడ సంచి బల్ల మీద పెట్టి, చెప్పులు కూడా విప్పకుండా, యాభై ఆరు లెక్కల సంగతి చెప్పింది. ఆయన కాలరు మీద పెట్టె నడుపుతూ విన్నాడు. విని స్విచ్చి ఆపేశాడు.

"నేనూ నీకొకటి చెప్పలేదు. నువ్వు మళ్లీ డిపోకి వెళ్లడం మొదలుపెట్టిన నెల నుంచే నేను షాపులో ముందు కౌంటరు మీద కూర్చోవడం లేదు."

"మరి?"

"లోపల అద్దాలు అరగదీసే గదిలో వెయ్యమని ఓనర్ని అడిగాను. చంటిపిల్లలకి ఫ్రేము పెట్టాలంటే చెవి వెనక వేలు పెట్టి వంపు చూడాలి. అంత చిన్న చెవులు. నా వల్ల కాలేదు."

ఆయన చొక్కా చేతులకి తెల్లటి పొడి అంటుకుని రావడం ఆవిడ ఇన్ని నెలలుగా చూస్తూనే ఉంది. సబ్బు రుద్ది ఉతుకుతూనే ఉంది. ఇది ఎక్కడిదని ఒక్కనాడూ అడగలేదు. ఆ మాట విన్నప్పుడు బాధ కలగాలని ఆవిడకి తెలుసు. కలగలేదు. ఇస్త్రీకి ఇంకా రెండు చొక్కాలు మిగిలాయి. పెట్టె మళ్లీ వేడెక్కాక ఒకటి ఆవిడే అందుకుంది.

బుధవారం సాయంత్రం ఇద్దరూ కూర్చుని ఫోనులో దరఖాస్తు నింపారు. ఆవిడ చెబుతుంటే ఆయన ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నొక్కాడు. పుట్టిన తేదీ రెండుసార్లు తప్పు కొట్టాడు. నా వయసు తగ్గిద్దామనా అని ఆవిడ అంటే నవ్వాడు. ఆ ఇంట్లో నవ్వు వినపడి చాలా రోజులైంది. ఇద్దరూ ఒక్క క్షణం మొహాలు చూసుకుని, మళ్లీ ఫారంలోకి తల దూర్చారు.

మాస్టారి దగ్గరికి ఇంకో ఆరు శనివారాలు వెళ్లింది. ఇప్పుడు టెస్టు అయ్యాక ఉండిపోయేది. ఒక్కో తప్పూ ఎందుకు తప్పో పక్కన రాసుకునేది. తొందర, ప్రశ్న సగమే చదవడం, కూడిక తప్పడం. వయసుల లెక్క వస్తే చివరిదాకా చదివేది. చదివి, పక్కన చిన్న గీత గీసి వదిలేసేది. మాస్టారు ఆ గీతల గురించి ఎప్పుడూ ఎత్తలేదు.

అసలు పరీక్ష ఒక ప్రాథమిక పాఠశాలలో పడింది. చిన్నపిల్లల బల్లలు, మోకాళ్లు పైకి తన్నుకొచ్చేలా కూర్చోవాలి. ముప్పై ఎనిమిదో ప్రశ్నలో తండ్రి వయసు కొడుకు వయసుకి అయిదింతలట. ఎనిమిదేళ్ల తర్వాత మూడింతలట. గీత గీద్దామని పెన్సిలు ఆనించింది. గీత గియ్యలేదు. పిల్లాడి వయసు ఎక్స్ అనుకుని రెండు లైన్లు రాసింది. ఎనిమిదేళ్లు వచ్చింది. ఎనిమిదేళ్ల పిల్లాడు. గుండ్రం దిద్ది ముప్పై తొమ్మిదికి వెళ్లింది. ఏమీ కాలేదు. గేటు బయట భర్త గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎలా రాశావంటే, రాశాను అంది. ఇంటికి వెళ్లే బస్సు డ్రైవరు ఆవిణ్ణి గుర్తుపట్టి, స్టాపు కాకపోయినా వాళ్ల సందు మొదట్లో ఆపాడు.

ఆ పై ఆదివారం పొద్దున అలవాటు కొద్దీ లేచి బల్ల దగ్గరికి వచ్చింది. రాయడానికి ఏమీ లేదు. ఖాళీ బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. ఎండ కిటికీలోంచి బల్ల సగం దాకా వచ్చింది. అప్పుడు ఏడుపు మొదలైంది. చప్పుడు లేకుండా మొదలై, తర్వాత చప్పుడుతో, ఆగకుండా. భర్త వంటింట్లోంచి వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఊరుకో అనలేదు. పక్కింటావిడ వచ్చి తలుపు కొడితే లేచి వెళ్లి, తర్వాత రమ్మని పంపించి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా అలాగే గడిచింది. తర్వాత ఆవిడ మొహం కడుక్కుని సాయంత్రం దాకా నిద్రపోయింది. లేచాక మనసు తేలికపడిందా అంటే, ఏమో, తెలియలేదంది. ఆకలి మాత్రం వేసింది.

ఫలితాల్లో అరవై ఎనిమిది వచ్చాయి. మాస్టారి దగ్గర ఎప్పుడూ డెబ్భైకి తగ్గని మనిషి. అసలు పరీక్షలో నాలుగైదు తగ్గడం మామూలేనని ఆయన కొట్టిపారేశాడు. సాయంకాలం కాలేజీ జాబితాలో ఆవిడ పేరు అట్టడుగు నుంచి పన్నెండోది. ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. ఈ చదువు ఎందుకని అడిగారు. రాత్రి ఆలస్యంగా బండి దిగిన డ్రైవరు మర్నాడు మొదటి బస్సు ఎక్కకూడదు, అయినా పైనుంచి వచ్చిన రూలు ప్రకారం అలాగే వెయ్యాల్సి వస్తోంది, ఆ రూలు మార్చడం చార్టు రాసేవాళ్ల చేతిలో లేదు, మార్చేవాళ్ల కుర్చీ దాకా వెళ్లాలని ఉందని చెప్పింది. చెబుతుంటే అది నిజమేనని ఆవిడకే తోచింది. పేపరు మీద ఏదో రాసుకున్నారు. సీటు ఇచ్చారు.

ఇప్పుడు రెండో టర్ము నడుస్తోంది. మార్కులు ఓ మోస్తరుగా వస్తున్నాయి. అసిస్టెంటు మేనేజరు పోస్టు ఈలోగా ఇంకెవరికో వెళ్లిపోయింది. మళ్లీ ఎప్పుడు పడుతుందో తెలియదు. భర్త ఇంకా అద్దాలు అరగదీసే గదిలోనే ఉన్నాడు, ముందు కౌంటరుకి ఎప్పుడొస్తావని ఆవిడ అడగదు. సోమ, బుధ, శుక్రవారాలు ఆవిడకి క్లాసులు. ఆ మూడు రోజులూ వంట ఆయనదే. ఉప్పు ఒక్కోసారి మర్చిపోతాడు. ఉప్పు లేదండీ అని ఆవిడ చెబుతుంది, ఆయన లేచి డబ్బా తెస్తాడు.