అవ్వ ఎవరి వంతు

పింఛను వచ్చాక కొడుకుల దగ్గర ఆ ముసలామెకు విలువ పెరిగిందని మా వాడకట్టులో అందరూ అంటారు. నేను ఒప్పుకోను. అంతకుముందు ఆమె పత్తి ఏరిన కూలితో తన బువ్వ తను వండుకుని తిన్నది. పింఛను మొదలయ్యాకే ఇద్దరు కొడుకులకూ కన్న అవ్వ గుర్తొచ్చింది. నెలకొకరు ఉంచుకోవాలని వంతులు వేసుకున్నారు. ఎవరి వంతులో పింఛను పడితే అది వాళ్లదే.

ఆమె నాతో మాట్లాడుతున్నంతసేపూ కుడి బొటనవేలిని పిడికిట్లో దాచుకునేది. వేలిముద్ర మిషన్ మీద ఆ వేలు పెడితేనే పింఛను డబ్బు ఇస్తారు మరి.

ఒక నెల పింఛను ఆలస్యమైంది. తన వంతు ముగియగానే పెద్దవాడు ఆమె బట్టల మూట తెచ్చి తమ్ముడి గడపలో పెట్టాడు.

"ఇగ నీ వంతు. పోయిన నెల పింఛనొస్తే మాత్రం గా పైసలు నాయే."

"పైసలు నీకు, బువ్వ నేను పెట్టాల్నా? తీస్కపో!" అని చిన్నవాడు తలుపేసుకున్నాడు.

నేను ఊరుకుంటానా? "సిగ్గులేదురా మీకు? అవ్వ యాడ తినాలె?" అని అరిచాను.

ఆమే నవ్వింది. "ఊకో బిడ్డా. నేను గాదు, గీ బొటనేలే వాళ్లకు అవ్వ. దీనికి ఆకలెక్కడిది?"

ఆ పూట మా ఇంట్లో తిన్నది.

నిరుడు ఆమె పోయింది. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, కాకి ముట్టాలని పిట్టకు పెడతాం కదా, ఆ కొడుకులు విస్తరి నిండా మటన్, గారెలు, సేమియా వడ్డించారు. "అన్నీ అవ్వకు ఇష్టమైనయే" అన్నాడు పెద్దవాడు.

ఆమెకేం ఇష్టమో వాళ్లు ఎప్పుడు అడిగారు?