మత్తులో కుదిరిన బేరం

నయా పైసలు కొత్తగా చేతికొచ్చిన రోజులు. హుజూరాబాద్‌లో మాది ఉప్పు, నూనె, తెలగపిండి అమ్మే దుకాణం. బస్తాలెత్తీ ఎత్తీ నాకు గజ్జల్లో పేగు జారింది. కోయక తప్పదన్నారు. కరీంనగర్‌లో డాక్టరుతో ఫీజు దగ్గర గీచి గీచి బేరమాడాను. చివరికాయన విసుగెత్తి, "సేటూ, సగం ఫీజుకు సగమే కోస్త. ఇష్టమేనా?" అన్నాడు. పూర్తి ఫీజుకే ఒప్పుకున్నాను.

మా బండి కట్టే జతలో మైలరంగు ఎద్దు బాగా ముసలిది. పళ్ళు చిగుళ్ళ దాకా అరిగాయి. అంగడికి పోయినప్పుడల్లా దళారులు దాన్ని కోతకు అడిగేవారు. ఇవ్వననేవాణ్ణి. మా బాపు చనిపోయిన ఏడాది నేను బండిలోనే నిద్రపోతే, వాగు దాటించి నన్ను ఇంటి ముందు నిలబెట్టిన ఎద్దది. ఈ సంగతి చెబితే నలుగురూ మెచ్చుకునేవారు. మెప్పు ఊరికే వచ్చే సరుకు కాబట్టి మరింత గట్టిగా చెప్పేవాణ్ణి. ఆసుపత్రికి బయల్దేరే ముందు నన్ను కన్న మా అవ్వ దాని మెడ నిమిరి, ఇది మన కొట్టంలోనే పోవాలని నా బామ్మర్ది చేత ఒట్టు వేయించుకుంది. బామ్మర్దంటే నా భార్య తమ్ముడు, దుకాణంలో నాకు కుడిభుజం.

ముక్కు మీద గుడ్డ వేసి ఈథర్ మత్తుమందు చుక్కలు పోశారు. డాక్టరు తన వేళ్ళు నా చేతికిచ్చి, తెలివి ఉన్నంతసేపూ నొక్కుతూ ఉండమన్నాడు. మా పశువుల అంగట్లో వేళ్ళు పట్టుకుంటే అది బేరమే. తువ్వాలు కప్పుకుని, అమ్మేవాడూ కొనేవాడూ వేళ్ళతోనే ధర చెప్పుకుంటారు. పక్కవాడికి తెలియదు. సగం మత్తులో నేను ఆయన వేళ్ళు మడిచి మడిచి ఫీజు తగ్గించడం మొదలుపెట్టానట. వీడింకా మేలుకునే ఉన్నాడని ఇంకాస్త ఈథర్ పోశారు.

మళ్ళీ తెలివొచ్చేసరికి వార్డులో ఉన్నాను. తెలివంటే చెవులకూ చర్మానికీ మాత్రమే. రెప్ప లేవలేదు, నాలుక కదలలేదు. మంచం మీద నా పక్కనే ఎవరో కూర్చున్నారు. నా దుప్పటి అంచు లేచింది, లోపల నా తొడ మీద రెండు చేతులు కలిశాయి. పక్క మంచాల వాళ్ళకు ధర తెలియకూడదు కదా.

"గొడ్డు ముసల్ది," అంటున్న గొంతు అంగడి దళారిది. "బండి గుంజి గుంజి కండంత పీచైంది. ఎంత ఉడకవెట్టినా తోలు లెక్క సాగుతది. రెండు నెలలు కాడి దించి, తెలగచెక్క పెట్టి మేపితే జర కొవ్వు వడుతది, కూర మెత్తగైతది. గప్పుడైతే మంచి ధర ఇస్త."

"రెండు నెలలెక్కడియి? మా బావ లేచి ఇంటికొచ్చేలోపల కొట్టం ఖాళీ గావాలె."

"మీ బావ ఇంటుండేమో, సూడు."

"యాడ ఇంటడు? డాక్టర్ సాబే రెప్ప ఎత్తి చూసి పోయిండు. మత్తులున్నడు."

నా తొడ మీద వేళ్ళు నొక్కుకున్నాయి. ఆ ధర చదివాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు మొదట వచ్చిన ఆలోచన 'మరీ ఇంత తక్కువకా' అని. ఎద్దు మెడ, అవ్వ చేయి, ఒట్టు ఆ తర్వాతే గుర్తుకొచ్చాయి. బేరం వద్దనుకున్నవాడు చేయి వెనక్కి లాక్కుంటాడు. నేను వేలు కూడా కదపలేకపోయాను.

సాయంత్రం డాక్టరుతో చెబితే నవ్వాడు. కనుపాప, ఊపిరి, నాడి అన్నీ తానే చూశాననీ, ఈథర్‌లో ఇట్లాంటి కలలు మామూలేననీ అన్నాడు. లోపల మెదడు ఏం వింటుందో చూడటానికి ఆయన దగ్గర మాత్రం ఏముంది? ఇన్నేళ్ళకు, ఈ ముసలితనంలో, మొన్న పిత్తాశయం తీయించుకున్నప్పుడు నా నుదుటికి ఒక పట్టీ అతికించారు. మెదడు సంకేతాలు చదివి, మత్తు ఎంత లోతుందో అంకెలో చూపే యంత్రమట. ఆనాడది నా మంచం పక్కన ఉండి ఉంటే, మా బామ్మర్ది అంకె చూసుకుని బేరం వరండాలో చేసుకునేవాడు. నాకెప్పటికీ తెలిసేది కాదు.

ఊరికొచ్చిన రోజున బామ్మర్దే ఎదురొచ్చి కళ్ళు తుడుచుకున్నాడు. ఎద్దు మేత ముట్టలేదట, మూడు రోజులు పడి ఉండి ప్రాణం విడిచిందట, బావి దగ్గర పూడ్చాడట. నిజంగానే గుంత తవ్వి పూడ్చాడు. మట్టి మీద పసుపు, కుంకుమ. అవ్వ కొబ్బరికాయ కొట్టి, "కొడుకు లెక్క చేసినవ్ బిడ్డా" అని వాడి తల నిమిరింది. నా భార్య తన తమ్ముణ్ణి చూసి గర్వంగా కొంగుతో కళ్ళొత్తుకుంది.

నేను నోరు విప్పితే అవ్వకు ఆ ఎద్దు మళ్ళీ చస్తుంది, ఈసారి కత్తి కింద. మోకాళ్ళ మీద కూర్చుని ఖాళీ గుంతకు దండం పెట్టాను. లేవబోతే కుట్లు లాగాయి. బామ్మర్ది గబుక్కున నా మోచేయి పట్టుకుని, "పైలం బావా, కుట్లు పచ్చిగున్నయ్" అన్నాడు.

వాడి చేతి మీదే బరువు వేసి లేచాను. దగ్గర్లో వేరే చేయి లేదు.